మీకు తెలుసా? సీసాలో కరువు పుట్టించేది చక్కెరే

టిష్యూ కల్చర్ ల్యాబులో మొక్క ముక్కను సీసాలో పెట్టేటప్పుడు, అది పెరిగే జెల్లీలో లీటరుకు 30 గ్రాముల చక్కెర కలుపుతారు. అది మొక్కకు తిండి అని చాలామందికి తెలుసు. ఆ మొక్కకు నీళ్లు ఎంత అందాలో కూడా ఆ చక్కెరే నిర్ణయిస్తుందని తెలుసా?

తిండి సంగతి ముందు చూద్దాం. సీసాలో వెలుతురు తక్కువ. మూత బిగించి ఉంటుంది కాబట్టి గాలి ఆడడమూ తక్కువే. ముక్క నుంచి మొదట పుట్టే కాలస్ అంటే ఆకూ కొమ్మా లేని కణాల ముద్ద. సొంతంగా ఆహారం తయారుచేసుకునే స్తోమత దానికి లేదు. అందుకే చక్కెర అందించాలి. 1962లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తోషియో మురాషిగె, ఫోక్ స్కూగ్ పొగాకు కణజాలం కోసం ఒక మాధ్యమం తయారుచేశారు. వాళ్లిద్దరి పేర్ల మీద దాన్ని ఎం.ఎస్. మాధ్యమం అంటారు. అరటి నుంచి ఆర్కిడ్ దాకా ఇప్పటికీ ఎక్కువ ల్యాబులు వాడేది దాన్నే. లీటరుకు 30 గ్రాముల సుక్రోజ్, అంటే మామూలు చక్కెర, అన్న కొలత దానితోపాటే అలవాటైపోయింది.

ఇక నీళ్ల సంగతి. మాగాయకు మామిడి ముక్కలు తరిగి ఉప్పు పట్టించి ఉంచితే ఊట దిగుతుంది. ముక్క బయట ఉప్పు చిక్కగా ఉంటే, లోపలి నీరు బయటికి వస్తుంది. సీసాలోనూ ఇదే సూత్రం. జెల్లీలో కరిగి ఉన్న పదార్థం ఎంత ఎక్కువైతే, కణం దాని నుంచి నీళ్లు లాక్కోవడానికి అంత కష్టపడాలి.

ఈ కష్టాన్ని కొలిచే కొలతే ఇంటర్ బోటనీలో చదివిన నీటి శక్మం. స్వచ్ఛమైన నీటికి అది సున్నా. ఏదైనా కరిగిన కొద్దీ మైనస్‌లోకి దిగుతుంది. నేల మైనస్ 1.5 మెగాపాస్కల్ దాకా ఎండితే చాలా పంటలు వాడిపోయి మళ్లీ కోలుకోవని పాఠ్యపుస్తకాల లెక్క. లీటరుకు 30 గ్రాముల సుక్రోజ్ ఒక్కటే మాధ్యమాన్ని సుమారు మైనస్ 0.22 దాకా దించుతుంది. ఎం.ఎస్. లవణాలు దాదాపు మరో అంత దించుతాయి. అంటే మనం మామూలు మాధ్యమం అనుకునేది కూడా కణానికి మంచినీళ్ల కుండేమీ కాదు. ఏ ప్రయోగం మొదలుపెట్టకముందే అది మైనస్ 0.4 దాటి ఉంటుంది.

గ్రాములు నమ్మకండి

30 గ్రాముల సుక్రోజ్ బదులు 30 గ్రాముల గ్లూకోజ్ వేస్తే చక్కెర వల్ల మొక్కకు కలిగే నీటి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది. బరువు ఒకటే కదా, ఎందుకిలా?

నీటిని పట్టి ఉంచే బలం కరిగిన అణువుల సంఖ్యను బట్టి ఉంటుంది, బరువును బట్టి కాదు. సుక్రోజ్ అణుభారం 342. గ్లూకోజ్‌ది 180. అందువల్ల 30 గ్రాముల సుక్రోజ్‌లో 0.088 మోల్ అణువులు ఉంటే, అంతే బరువున్న గ్లూకోజ్‌లో 0.167 మోల్ ఉంటాయి. 25 డిగ్రీల ఉష్ణోగ్రత దగ్గర లీటరుకు 0.1 మోల్ ఏది కరిగినా, అది అయాన్లుగా విడిపోనిదైతే, శక్మం సుమారు 0.25 మెగాపాస్కల్ తగ్గుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు, మిగతావన్నీ కాగితం మీదే తేలిపోతాయి. 30 గ్రాముల సుక్రోజ్ ఇచ్చే ఒత్తిడికి, అణుభారం 182 ఉన్న మానిటాల్ అనే చక్కెర ఆల్కహాల్ 16 గ్రాములు సరిపోతుంది. నేల ఎండిన స్థాయి, అంటే మైనస్ 1.5 మెగాపాస్కల్ కావాలంటే మానిటాల్ లీటరుకు 110 గ్రాములు పట్టాలి.

రెండు చక్కెరలను పోల్చే ప్రయోగంలో రెంటినీ 3 శాతం చొప్పున వేసి, ఒకదానిలో కాలస్ తక్కువ పెరిగిందని, కాబట్టి ఆ చక్కెర ఈ మొక్కకు పడదని రాసేస్తే అది తీర్పు కాదు. ఆ కాలస్‌కు తిండి పడకపోయిందా, నీళ్లు చాలకపోయాయా అన్నది ఆ ప్రయోగం ఎన్నటికీ చెప్పలేదు.

కొమ్మ తొడగడానికి కొంచెం దాహం కావాలి

కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో ట్రెవర్ థోర్ప్ బృందం 1979లో పొగాకు కాలస్ మీద చేసిన పని నాకు చాలా ఇష్టం. కాలస్ ముద్ద నుంచి కొమ్మలు పుట్టాలంటే సుక్రోజ్ ఒక మోతాదులో ఉండాలి. ఆ మోతాదు అంతా తిండికేనా అని వాళ్లు అడిగారు. సుక్రోజ్‌లో కొంత తీసేసి, అంతే ద్రవాభిసరణ బలం, అంటే నీటిని పట్టి ఉంచే బలం, వచ్చేలా మానిటాల్ కలిపారు. పొగాకు మానిటాల్‌ను తిండిగా వాడుకోలేదు. అయినా కొమ్మలు వచ్చాయి. మాధ్యమంలోని చక్కెరలో ఒక భాగం తిండిగా కాక, నీటి మీద బిగింపుగా పనిచేస్తోందని అలా తేలింది. పెరుగుదలకు అవసరమైన ఈ మోతాదును కరువు అనలేం. అయితే అదే బిగింపు ఇంకా పెంచుతూ పోతే ఎక్కడో ఒకచోట కరువు మొదలవుతుంది.

స్టెరిలైజ్ చేస్తే కొలత మారుతుంది

మాధ్యమంలో క్రిములు చావడానికి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వేడి మీద 15, 20 నిమిషాలు ఉంచుతారు. ఆ వేడికి, మాధ్యమంలోని కాస్త ఆమ్ల గుణానికి సుక్రోజ్‌లో కొంత భాగం గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుంది. ఒక అణువు రెండవుతుంది కాబట్టి ఆ మేరకు ద్రవాభిసరణ బలమూ రెట్టింపే. టిష్యూ కల్చర్ పద్ధతిలో ఎవరూ పట్టించుకోని సంగతి ఇదని ఎర్నెస్ట్ బాల్ 1953లోనే ఒక వ్యాసం రాశాడు.

ఆటోక్లేవ్ దాటాక కూడా కొలత నిలవదు. మొక్క కణాల గోడల్లో ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది బయటి సుక్రోజ్‌ను విడగొడుతూనే ఉంటుంది. అందుకే ద్రవ మాధ్యమంలో కణాలను పెంచేటప్పుడు, మొదటి రోజుల్లో అణువుల సంఖ్య పెరిగి ఒత్తిడి ఎక్కువవుతుంది. తరువాత కణాలు ఆ చక్కెర తినేకొద్దీ ఒత్తిడి తగ్గిపోతుంది. సుక్రోజ్‌తో కరువు సృష్టించామనుకున్నవాళ్లకు మొదటి రోజున్న కరువు రెండో వారానికి ఉండదు. మొక్క కరువుకు అలవాటు పడిందని వాళ్లు రాసుకుంటారు. నిజానికి మొక్క కరువును తినేసింది.

ఇందుకే పరిశోధకులు మొక్క తినని చక్కెర కోసం వెతికారు.

మానిటాల్: ఆసుపత్రిలో చూసిన మందే

మెదడు వాపు తగ్గించడానికి నరంలోకి ఎక్కించే 20 శాతం మానిటాల్ సీసా చాలామంది ఆసుపత్రుల్లో చూసే ఉంటారు. రక్తంలో దాని గాఢత పెరిగి మెదడు కణజాలంలోని నీటిని బయటికి లాగుతుంది. మొక్కల ల్యాబులోనూ దానికి అప్పగించే పని అదే. ఇది చక్కెర ఆల్కహాల్. ఒకప్పుడు సిసిలీ దీవిలో యాష్ చెట్ల బెరడుకు గాటు పెట్టి, కారి గడ్డకట్టిన తీపి జిగురు నుంచి తీసేవారు.

మొక్కల్లో ఎక్కువ జాతులకు దాన్ని జీర్ణించుకునే ఎంజైములు లేవు. పైగా గ్లూకోజ్‌కూ దీనికీ అణుభారం దాదాపు ఒకటే, 180, 182. తూకం వేయడం సులువు. కరువు ప్రయోగాల్లో ఇదే ఎక్కువ కనబడడానికి ఇవే కారణాలు. 0.1, 0.2, 0.3 మోలార్ అని మెట్లు మెట్లుగా పెంచుతూ కాలస్ ఎక్కడ ఆగిపోతుందో చూస్తారు.

కానీ సెలెరీ విషయంలో ఈ పథకం తలకిందులవుతుంది. సెలెరీ తన ఆకుల్లో తయారుచేసే ఆహారంలో పెద్ద భాగాన్ని మానిటాల్ రూపంలోనే వేర్లకు పంపుతుంది. దాన్ని మళ్లీ చక్కెరగా మార్చుకునే ఎంజైమ్ దానికి ఉంది. సెలెరీ కణాలను మానిటాల్ మీద వేస్తే హాయిగా పెరుగుతాయి. ఆలివ్ చెట్టుకూ మానిటాల్ సొంత సరుకే. ఆ మొక్కల్లో మానిటాల్ పెట్టి కరువును తట్టుకుంటున్నాయని రాస్తే, వాటికి భోజనం పెట్టి ఉపవాసం చేయించామని చెప్పినట్టే.

తినకపోయినా కొన్ని మొక్కలు మానిటాల్‌ను లోపలికి తీసుకుంటాయి. 1996లో లిపావ్‌స్కా, వ్రూగ్దెన్‌హిల్ అనే పరిశోధకులు సీసాల్లో పెరిగిన మొక్కలు మాధ్యమం నుంచి మానిటాల్‌ను పీల్చుకుంటాయని చూపించారు. లోపలికి చేరాక అది బయటి మానిటాల్‌కు ఎదురు నిలుస్తుంది. ఒత్తిడి క్రమంగా సడలిపోతుంది. కొద్ది గంటల, కొద్ది రోజుల ప్రయోగానికి మానిటాల్ మంచి ఎంపిక. వారాలకు వారాలు నడిచే ప్రయోగానికి దాన్ని గుడ్డిగా నమ్మకూడదు.

సార్బిటాల్: ఆపిల్‌కు అన్నం

షుగర్ లేని చూయింగ్ గమ్‌లో తీపినిచ్చే సార్బిటాల్, మానిటాల్ రెంటికీ అణు ఫార్ములా ఒకటే. అణువులో ఒకే ఒకచోట అమరిక తేడా. మొక్కకు మాత్రం ఆ చిన్న తేడా చాలా పెద్దది. 1872లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రజ్ఞుడు బుసాంగో దీన్ని మొదట రోవన్ చెట్టు పళ్లలో కనిపెట్టాడు. రోవన్‌ది గులాబీ కుటుంబం. ఆపిల్, పియర్, పీచ్, చెర్రీ అన్నీ ఆ కుటుంబమే. ఈ చెట్లన్నిటిలో ఆకు నుంచి పండుకు సాగే ప్రధాన చక్కెర సార్బిటాల్.

కాబట్టి ఆపిల్ కాలస్ మీద నీటి ఒత్తిడి చూడాలనుకుంటే సార్బిటాల్ పనికిరాదు. ఆపిల్ దాన్ని కమ్మగా తింటుంది. అదే కాలస్‌కు మానిటాల్ మేలు. సెలెరీకి దీనికి సరిగ్గా తిరగబడిన నియమం. ఏ మొక్కకు ఏది తిండో ముందు తెలుసుకోవాలంటే ఆ మొక్క కుటుంబం తెలుసుకోవడం మొదటి మెట్టు.

సూక్ష్మదర్శిని కింద రెండు కరువులు

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో రియో ఆకు అడుగు పొర ఒలిచి, చిక్కటి చక్కెర ద్రావణంలో వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ముందు ప్రతి గదీ ఊదా రంగుతో అంచుల దాకా నిండి ఉంటుంది. నిమిషాలు గడిచేకొద్దీ ఆ ఊదా మూలల్లోంచి మొదలుపెట్టి గోడను వదిలి వెనక్కి జరుగుతుంది. గోడ మాత్రం ఎక్కడిదక్కడే నిలబడి ఉంటుంది. చివరికి గదికి మధ్యన ఊదా బంతి ఒకటి మిగులుతుంది. గోడకూ బంతికీ నడుమ ఖాళీలో ఉన్నది చక్కెర నీళ్లు. ఇదే కణద్రవ్య సంకోచం. మళ్లీ మామూలు నీళ్లు పోస్తే బంతి ఉబ్బి గోడను తాకుతుంది.

ఇది నిజమైన కరువు కాదు. పొలంలో నేల ఎండినప్పుడు వేరు కణంలో ఇలా జరగదు. ఎండిన మట్టిలో గోడ దాటి కణంలోకి వచ్చే చక్కెర నీళ్లేవీ ఉండవు. నీరు పోయినకొద్దీ గోడా, లోపలి జీవపదార్థమూ రెండూ కలిసే ముడుచుకుంటాయి.

చక్కెర గోడ దాటుతుంది. మానిటాల్ దాటుతుంది. సార్బిటాల్ దాటుతుంది. ఏ చిన్న అణువైనా దాటుతుంది, ఎందుకంటే కణకవచం సన్నటి రంధ్రాల వల. నికొలస్ కార్పిటా, డెబొరా డెల్మర్, వాళ్ల సహచరులు 1979లో సైన్స్ పత్రికలో ఆ రంధ్రాల వ్యాసం కొలిచి చూపారు. అది నాలుగు నానోమీటర్ల చుట్టుపక్కల ఉంది. అంతకన్నా పెద్ద అణువును బయట పెడితే అది గోడ దగ్గరే ఆగిపోతుంది. నీరు మాత్రం బయటికి పోతుంది. అప్పుడు గోడా జీవపదార్థమూ కలిసే నలిగిపోతాయి, ఎండిన నేలలో మాదిరిగానే.

అలాంటి పెద్ద అణువు పాలీ ఇథిలీన్ గ్లైకాల్. ల్యాబుల్లో ముద్దుగా పెగ్ అంటారు. మలబద్ధకానికి డాక్టర్లు ఇచ్చే పొడుల్లో ఉండేదీ దీని రకమే. కరువు ప్రయోగాల్లో అణుభారం 6000, 8000 ఉన్న రకాలు వాడతారు. ఇది చక్కెర కాదు, కణం దీన్ని తినదు. నేలలోని కరువుకు దగ్గరగా ఉండేది కావాలంటే నా తీర్పు దీనివైపే.

కెనడాలోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ అట్రీ, లారీ ఫౌక్ తెల్ల స్ప్రూస్ మీద చేసిన పని దీనికి మంచి సాక్ష్యం. కణాల నుంచి పెంచిన పిండాలు గింజలోని పిండాల్లా పక్వానికి రావాలంటే కొంత ఎండాలి. చిన్న అణువుల చక్కెరలతో వాళ్లకు మంచి ఫలితం రాలేదు. అణుభారం 4000 ఉన్న పెగ్‌ను, అబ్సిసిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోనుతో కలిపి ఇచ్చాక పిండాలు నిల్వ ఆహారం నింపుకుని పక్వమయ్యాయి.

పెగ్‌తో తలనొప్పులు

పెగ్ కలిపితే అగార్ సరిగ్గా గట్టిపడదు. అందుకే ముందు అగార్ పలకలు పోసుకుని, తరువాత పైన పెగ్ ద్రావణం పోసి, అది లోపలికి ఇంకాక మిగిలింది ఒంపేస్తారు. ద్రవ మాధ్యమంలో పెగ్ చిక్కదనానికి ఆక్సిజన్ అందడం తగ్గుతుంది. కరువు దెబ్బ అనుకున్నది ఊపిరాడని దెబ్బ కావచ్చు. గాలి బుడగలు పంపుతూనో, ఊపుతూనో ఉండాలి. పెగ్ బలం గాఢతకు అనులోమానుపాతంలో పెరగదు. 1973లో మిచెల్, కాఫ్‌మన్ పెగ్ 6000 కోసం ఇచ్చిన సమీకరణం ఉంది. దాన్ని వాడకుండా అంచనాతో తూచేవాళ్లు కొలత తప్పుతారు.

నెమ్మదిగా బిగిస్తే కణం నేర్చుకుంటుంది

ఒకేసారి పెద్ద ఒత్తిడి పెడితే కణాలు చస్తాయి. కొంచెం కొంచెం పెంచుతూ, ప్రతి మెట్టు మీద పెరగనిస్తూ పోతే అవే కణాలు నిలబడతాయి. 1980ల్లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో రే బ్రెస్సన్, పాల్ హసెగావా, అవతార్ హండా బృందం పొగాకు, టమాటా కణాలను ఇలా పెగ్‌కూ, ఉప్పుకూ అలవాటు చేశారు. అలవాటుపడ్డ కణాలు లోపల సొంత ద్రావణాన్ని చిక్కబరచుకున్నాయి. చక్కెరలు, పొటాషియం, ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం కూడబెట్టుకున్నాయి. ఉప్పుకు అలవాటుపడ్డ పొగాకు కణాల్లో ఒక ప్రోటీన్ విపరీతంగా చేరింది. 1987లో దానికి ఆస్మోటిన్ అని పేరు పెట్టారు. శిలీంధ్రాలను అడ్డుకునే గుణం కూడా దానికి ఉందని తరువాత తెలిసింది.

ఈ కథ విన్నవాళ్లు, అయితే అలా గట్టిపడ్డ కణాల నుంచి మొక్కలు తీసి పొలంలో నాటవచ్చు కదా అంటారు. ఆ ఆశతో ప్రపంచమంతా చాలా పని జరిగింది. చిక్కేమిటంటే, పొలంలో కరువును తట్టుకోవడం ఒక్క కణం పని కాదు. వేరు ఎంత లోతుకు దిగుతుంది, పత్రరంధ్రాలు ఎప్పుడు మూసుకుంటాయి, పూత ఎప్పుడు వస్తుంది, ఇవన్నీ కలిసి చేసే పని. కాలస్‌కు వేరూ లేదు, పత్రరంధ్రమూ లేదు. అందుకే సీసాలో తట్టుకున్న కణం నుంచి వచ్చిన మొక్క పొలంలో అలాగే తట్టుకుంటుందని చెప్పలేం.

ఒత్తిడే సాయమైన చోట్లు

కణకవచాన్ని ఎంజైములతో కరిగించేస్తే మిగిలే ప్రోటోప్లాస్ట్ మామూలు నీళ్లలో పడితే పగిలిపోతుంది. 1960లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఎడ్వర్డ్ కాకింగ్ టమాటా వేర్ల నుంచి ఎంజైములతో ప్రోటోప్లాస్టులను తీసినప్పటి నుంచీ, వాటిని కాపాడుతున్నది చిక్కటి ద్రావణమే. ఇప్పుడు ఎక్కువగా 0.4 నుంచి 0.7 మోలార్ మానిటాల్ వాడతారు.

జీన్ గన్‌తో మొక్కజొన్న కణాల్లోకి జన్యువులు పూసిన రేణువులు కొట్టేముందు, 0.2 మోలార్ మానిటాల్, 0.2 మోలార్ సార్బిటాల్ కలిపిన మాధ్యమం మీద కణాలను కొన్ని గంటలు ఉంచితే ఫలితం పెరుగుతుందని 1993లో వేన్, మెక్‌ముల్లెన్, ఫైనర్ చూపారు. ముడుచుకున్న కణానికి రేణువు తగిలి చిల్లు పడినా లోపలిది బయటికి కారిపోదన్నది వాళ్లు ఇచ్చిన వివరణ.

బంగాళాదుంప మొక్కకు సీసాలో 8 శాతం సుక్రోజ్ ఇస్తే బఠాణీ గింజంత బుల్లి దుంపలు కాస్తుంది.

ద్రాక్ష కణాలను ద్రవంలో పెంచుతూ చక్కెర గానీ మానిటాల్ గానీ పెంచితే, ఎరుపు ఊదా రంగునిచ్చే ఆంథోసయనిన్ ఎక్కువ తయారవుతుంది. ఇది 1990లో తేలింది.

పెరూ రాజధాని లిమాలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రంలో వేల రకాల దుంప మొక్కలను సీసాల్లో భద్రపరుస్తున్నారు. చల్లని గదిలో, సార్బిటాల్ కలిపిన మాధ్యమంలో పెట్టడం వల్ల మొక్క చావదు, తొందరగా పెరగదు. రెండేళ్ల దాకా సీసా మార్చక్కర్లేదు. ఇంకా ఎక్కువ కాలం దాచాలంటే ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంచాలి. అక్కడా ముందు మెట్టు చక్కెరే. 1990లో జపాన్‌కు చెందిన అకిరా సకాయ్ బృందం నారింజ కణాలను గడ్డకట్టించిన ద్రావణంలో గ్లిసరాల్, ఇథిలీన్ గ్లైకాల్, డి.ఎం.ఎస్.ఓ.లతో పాటు సుక్రోజ్ కూడా ఉంది. కణంలో నీరు తగ్గితేనే మంచు ముక్కలు పుట్టి దాన్ని చీల్చకుండా ఉంటాయి.

చక్కెర కబురు కూడా చెబుతుంది

చక్కెర తిండి, చక్కెర నీటి బిగింపు. మూడో పని ఇంకొకటుంది. కణానికి అది ఒక కబురు. అరబిడాప్సిస్ అనే మొక్క మొలకలను 6 శాతం గ్లూకోజ్ మీద పెంచితే బీజదళాలు ఆకుపచ్చబడకుండా ఆగిపోతాయి. ఇది నీటి కొరత వల్లనా, గ్లూకోజ్ చెప్పిన కబురు వల్లనా? అమెరికాలో జెన్ షీన్ బృందం దీనికి జవాబు వెతికింది. పక్కన 6 శాతం మానిటాల్ పలక పెట్టారు. రెంటి అణుభారాలు దాదాపు సమానం కాబట్టి ఒత్తిడీ సమానమే. మానిటాల్ పలకలో మొలకలు అలా ఆగలేదు. గ్లూకోజ్‌ను పట్టుకునే హెక్సోకైనేజ్ అనే ఎంజైమే కబురు అందుకుంటోందని 2003లో సైన్స్ పత్రికలో వాళ్లు తేల్చారు. ఆ పక్క పలక లేకపోతే ఈ ఆవిష్కరణ నిలబడేది కాదు.

మానోజ్ అనే చక్కెర సంగతి దీనికి పూర్తిగా వేరు. చాలా మొక్కల కణాలు దాన్ని లోపలికి తీసుకుని ఫాస్ఫేట్ తగిలిస్తాయి, ఆపై ముందుకు నడపలేవు. ఫాస్ఫేట్ అంతా అక్కడే చిక్కుకుని కణాలు ఎదగకుండా ఆగిపోతాయి. దాన్ని విడిపించే జన్యువు ఉన్న కణాలే బతుకుతాయి. 2005లో వచ్చిన రెండో తరం గోల్డెన్ రైస్ అనే జన్యుమార్పిడి వరి తయారీలో, జన్యువు చేరిన కణాలను ఏరడానికి వాడింది ఈ మానోజ్‌నే. ఒత్తిడి కోసమని దీన్ని ఎవరూ వాడకూడదు.

మన అరటి తోటల సంగతి

అనంతపురం, కడప జిల్లాల్లో గ్రాండ్ నైన్ అరటి, రైతుల మాటలో జి-9, టిష్యూ కల్చర్ మొక్కలతోనే ఎక్కువగా సాగవుతోంది. ఆ మొక్క సీసాలో ఉన్నన్నాళ్లూ చక్కెర మీదే బతికింది. సీసా లోపల గాలిలో తేమ దాదాపు నూటికి నూరు. అందుకే దాని ఆకుల మీద మైనపు పొర పలచన, పత్రరంధ్రాలకు మూసుకోవడం సరిగ్గా రాదు. నేరుగా ఎండలో పెడితే వాడిపోతుంది. నర్సరీలు షేడ్‌నెట్ కింద కొన్ని వారాలు తేమ తగ్గిస్తూ అలవాటు (హార్డెనింగ్) చేసేది ఇందుకే. హార్డెనింగ్ సరిగ్గా కాని మొక్కలు తక్కువ ధరకు వస్తున్నాయని కొంటే నష్టం రైతుదే. కొనేముందు ఎన్ని రోజులు షేడ్‌నెట్ కింద ఉంచారో తప్పకుండా అడగాలి.

ఇంకొక సంగతి. ల్యాబు తరగతి సుక్రోజ్ ఖరీదు ఎక్కువ. ఖర్చు తగ్గించుకోవడానికి చాలా ల్యాబులు అంగట్లో దొరికే తెల్ల పంచదారే వాడుతున్నాయి. అదీ సుక్రోజే కాబట్టి మొక్కలు పెంచడానికి అది చాలు. నీటి ఒత్తిడి కొలిచే పరిశోధనకు మాత్రం స్వచ్ఛమైన సరుకే తీసుకోవాలి.

ఈ దారిలో పనిచేస్తున్న విద్యార్థులకు ఒక విన్నపం. మీ నోటు పుస్తకంలో మానిటాల్ ఇన్ని గ్రాములు అని రాసి ఆపకండి. మోలార్ ఎంతో రాయండి, లవణాలతో కలిపి శక్మం ఎంతకు దిగిందో రాయండి, ఆటోక్లేవ్ అయ్యాక ఆస్మోమీటర్‌తో కొలిచి రాయండి, ప్రయోగం చివరి రోజున మళ్లీ కొలిచి రాయండి. ఎంచుకున్న మొక్కకు ఆ పదార్థం తిండి అవుతుందేమో మొదటి పేజీలోనే తేల్చుకోండి. పత్రికలో కరువును తట్టుకునే కణాలు దొరికాయన్న వార్త చదివే పాఠకులూ, ఆ కరువును దేనితో తెచ్చారో, ఎన్ని రోజులు నిలబెట్టారో అడగండి.